రెండో గంటకు మూడో పరీక్ష

ఆదివారం పొద్దున పది గంటలకు చిత్తూరు గిరింపేటలో ధనంజయ టైపు ఇన్‌స్టిట్యూటు తలుపులు తెరుచుకుంటాయి. టైపు నేర్చుకునేవాళ్ళు రావడం మానేసి పదిహేనేళ్ళయింది. మిషన్లన్నీ గోడవారన గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి. వాటి ముందు వేసే స్టూళ్ళు ఇరవై మిగిలాయి. ఆ స్టూళ్ళ మీద కూర్చుని జనం పాత సినిమాలు చూస్తారు.

పాతవంటే అందరికీ తెలిసినవి కావు. వందరోజులు ఆడిన సినిమా ఆ మెట్లెక్కకూడదని వకుళాదేవి మొదటిరోజే చెప్పింది. "పాసైన పేపరు మళ్ళీ దిద్దడమెందుకు?" అన్నది ఆమె వాదన. మూడు రోజులాడి ఎత్తేసినవి, విడుదలే కానివి, ఎవరో స్నేహితులు నలుగురు చేరి ఇళ్ళలో వాళ్ళ తిట్లు తింటూ తీసుకున్నవి, అపరాధ పరిశోధన అని పేరు పెట్టి చివరికి హంతకుడెవరో చెప్పడం మరిచిపోయినవి. అలాంటివే కావాలి.

వకుళాదేవి చరిత్ర లెక్చరరుగా రిటైరైంది. తండ్రి తిరుపతిలో గుడి కైంకర్యంలో ఉండేవాడు. ఆ ఇంట్లో సినిమా అన్న మాట కూడా మడి విడిచాకే పలకాలి. ఆమె మొదటి సినిమా చూసింది ఇరవై రెండో ఏట. అది బాగాలేదు. ఎందుకు బాగాలేదో ఆ రాత్రే నోటు పుస్తకంలో రెండు పేజీలు రాసిపెట్టుకుంది. అప్పటినుంచి ఆ అలవాటు పోలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు వేసవి సెలవుల్లో ఇంటర్మీడియట్ పేపర్లు దిద్దింది. సినిమాలనూ అలాగే దిద్దుతుంది. కథకు ముప్పై, నటనకు ఇరవై, కెమెరాకు పదిహేను, మాటలకూ చప్పుళ్ళకూ పది, నమ్మించడానికి ఇరవై అయిదు. ముప్పై అయిదు వస్తే పాసు. దిద్దే చోట పేపరు ఏ పిల్లవాడిదో తెలియకూడదు గనక నంబరున్న చీటీ చింపేసి ఇస్తారు. ఇక్కడ ఆ పని ఆపరేటరు మురుగేష్‌ది. పేర్లు పడుతున్నంతసేపూ లెన్సు ముందు సబ్బుపెట్టె అట్ట అడ్డం పట్టుకుంటాడు. నటులెవరో, తీసిందెవరో ఎవరికీ తెలియదు. వెనకాల సంగీతం మాత్రం మోగుతూ ఉంటుంది.

తప్పిన సినిమాకు నెల గడువు. నెల తర్వాత అదే డబ్బాను మళ్ళీ ఎక్కిస్తారు. ఈలోపు సినిమా తన తప్పులు దిద్దుకుని వస్తుంది.

ఐరాల పక్కన బావి తవ్వే మనిషి మీద ఎవరో తీసిన చిన్న సినిమాకు మొదటిసారి ముప్పై రెండే వచ్చాయి. "బావి తవ్వేవాడి గోళ్ళు ఇంత శుభ్రంగా ఉంటాయా?" అని ఎర్ర సిరాతో రాసింది వకుళాదేవి. నెల తిరిగేసరికి అతని గోళ్ళ నిండా మట్టి. నలభై ఒకటి వేసింది. అన్ని సినిమాలూ అంత బుద్ధిమంతులు కావు. ఒక గూఢచారి సినిమా రెండోసారి ఇంకో పాట కలుపుకుని వచ్చింది. దానికి ఉన్న మార్కుల్లోంచి రెండు కోసేశారు.

ఒకటి మాత్రం అందరూ గమనించారు. తనకు రాని జవాబు ఏ సినిమా రాయదు. ఎప్పుడో తీసి పారేసిందో, తొందరలో వదిలేసిందో, దాన్నే గుర్తు తెచ్చుకుని రాస్తుంది. ఆ గోళ్ళ మట్టి కూడా నిజమైనదే. మేకప్ మనిషి షూటింగుకు ముందు కడిగించాడట, అంతే.

*

ఏకాంబరం ప్రతి ఆదివారం వచ్చేవాడు. కోర్టు దగ్గర పాత రికార్డులు బైండింగ్ చేసే చిన్న దుకాణం ఆయనది. డెబ్బై ఏళ్ళు. తలుపు పక్కన ఆఖరి స్టూలు మీద కూర్చునేవాడు. మూడేళ్ళలో ఏ సినిమా గురించీ మంచీ చెడూ అనలేదు. వేళ్ళకు ఎండిన మైదాజిగురును గిల్లుకుంటూ చూసి వెళ్ళిపోయేవాడు.

మే నెలలో ఒకరోజు ఏడు రేకు డబ్బాలు ఆటోలో వేసుకుని మురుగేష్ ఇంటికి వచ్చాడు. మురుగేష్ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపాడు. పులిసిన వాసన గుప్పుమంది.

"ఎన్నాళ్ళాయె దీన్ని తెరిచి?"

"ఎనభై ఆరులో మూసినానప్పా."

మురుగేష్ డబ్బా మీది పేరు చదివాడు. రెండో గంట. అప్పట్లో అతను నగరి డేరా టాకీసులో కుర్ర ఆపరేటరు. ఆ సినిమాను మూడు రోజులు ఆడించింది అతనే.

"ఏకాంబరన్నా, ఇది శానా ముసిల్ది అయిపోయింది. మూడు తూర్లు ఓర్చుకుంటాది. నాలుగో తూరి ఎక్కిస్తే పొడిపొడి."

"మూడు చాలు."

"మేడమ్‌కి నీదని చెప్పాల్నా?"

"వద్దు. నంబరు చింపేసే ఇయ్యి."

ఆ ఆదివారం అట్ట తీసేసరికి తెర మీద పాకాల స్టేషను కనిపించింది. మీటరుగేజి రైలు, బొగ్గు మసి, గంట కొట్టే ఇనుప పట్టా ముక్క. కథ తేలికే. రైలు రాబోతోందని రెండో గంట కొట్టే వేళ, గూడ్సుషెడ్డులో మామిడి వ్యాపారి గుమాస్తా హత్యకు గురవుతాడు. చంపింది వ్యాపారి బావమరిది. నేరం స్టేషను కూలీ మీద పడుతుంది. అతని తుండు మీద నెత్తురుంది గనక కోర్టు యావజ్జీవం వేస్తుంది. ఆఖరి షాట్‌లో బేడీలతో కూలీ రైలెక్కుతాడు. శుభం పడుతుంది.

వెలుతురు బాగుంది. స్టేషను బాగుంది. కూలీ వేషం వేసినవాడు నిజంగా బరువు మోసినవాడిలాగే నడిచాడు. కానీ మధ్యలో పన్నెండో పదమూడో నిమిషాల ముక్క ఊడిపోయినట్టుంది. కథ అక్కడ కుంటింది.

దీపాలు వేశాక ధనంజయ ఊరుకోలేదు. ఆయన కోర్టులో టైపిస్టుగా రిటైరై, ఆ డబ్బుతోనే ఇన్‌స్టిట్యూటు పెట్టుకున్న మనిషి.

"ఏం కేసు మేడమ్ ఇది? ముప్పై ఆరేళ్ళు సాక్షుల వాంగ్మూలాలు కొట్టినాను. ఒక తుండు గుడ్డ చూపించి మనిషికి యావజ్జీవం ఏస్తారా? ఏ జడ్జప్పా అతను, నాకు చూపించండి."

వకుళాదేవి రాయడం ముగించి పైకి చదివింది. "ముప్పై ఒకటి. స్టేషను నిండా జనం ఉన్నారు. రెండో గంట కొట్టిన వేళకు ప్లాట్‌ఫారం ఖాళీగా ఉండదు. చూసిన మనిషి ఒక్కరైనా ఉండాలి. సాక్షి ఎక్కడ?"

ఆఖరి స్టూలు మీద ఏకాంబరం వేలి మీద జిగురును గిల్లడం ఆపాడు.

*

జూన్‌లో రెండోసారి వేశారు.

గంట కొట్టేచోటుకు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఒక అమ్మాయి కనిపించింది. మొదటిసారి ఆ అమ్మాయి లేదు. పచ్చచీర, ఎర్రంచు, చంకలో మజ్జిగ కుండ. వెనక నుంచే కనిపించింది. గూడ్సుషెడ్డు వైపు నడిచి, తలుపు దగ్గర చటుక్కున ఆగింది. కుండలోంచి మజ్జిగ తొణికి నేల మీద పడింది. అంతే, సీను తెగింది. తర్వాత కథంతా మామూలే. కూలీకి బేడీలు, రైలు, శుభం.

"వచ్చింది!" అన్నాడు ధనంజయ. "సమన్లు అందినట్టుండాయి."

"వచ్చింది కానీ నోరు విప్పలేదు" అంది వకుళాదేవి. "సగం జవాబు. ముప్పై నాలుగు."

స్టూళ్ళన్నీ కిర్రుమన్నాయి. "ఒక్క మార్కు మేడమ్! ఒక్కటి కలిపేయండి" అన్నారు నలుగురైదుగురు.

"కలపను. కలిపితే చదువుకోదు."

మురుగేష్ ప్రొజెక్టరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "ఇంకొక్క తూరే ఆడతాది మేడమ్. రీలు అంచు చిల్లులన్నీ చిట్లిపోతా ఉండాయి."

"అయితే ఆ ఒక్కసారికి బాగా చదువుకుని రమ్మను" అంది ఆమె, ఎర్ర పెన్నుకు మూత పెట్టి. "కోర్టులో ఆ పిల్లను ఎందుకు పిలవలేదు? రాశాను, చూడు."

అందరూ దిగిపోయాక ఏకాంబరం మురుగేష్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మురుగేషే ముందు అడిగాడు.

"చౌడక్కకి చెప్పాల్నా వద్దా?"

"నేను చెప్తే రాదు."

"నేను పోతాలే."

*

చౌడేశ్వరమ్మ ఏకాంబరం చెల్లెలు. నగరిలో పవర్‌లూములు వరసగా మోగే వీధిలో, ఒంటి గది ఇంట్లో ఉంటుంది. సినిమా కోసం ఇంట్లో రెండు మగ్గాలూ అమ్మేశాక, వేరేవాళ్ళకు రాట్నం మీద నూలు కండెలు చుట్టిపెట్టడమే ఆమె పని అయింది. అరవై ఏళ్ళు. పెళ్ళి కాలేదు.

మురుగేష్ గడపలో నిలబడి గట్టిగా అరవాల్సి వచ్చింది. పక్కింటి మగ్గాలు అంత మోత.

"అక్కా! నువ్వు వస్తా ఉండావు!"

"యాడికి?"

"తెర మీదికి!"

ఆమె రాట్నం ఆపింది. అతను లోపలికి వచ్చి అంతా చెప్పాడు. సినిమా ఎలా తప్పిందీ, మేడమ్ ఏం రాసిందీ, పచ్చచీర ఎలా నడిచిందీ. తప్పిన సినిమాలు దిద్దుకుని వస్తాయని ఆమె వినే ఉంది. ఆ మాటకు ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎందాకా కనపడినా?"

"వీపు వరకే."

చౌడేశ్వరమ్మ నవ్వింది. "ఆ చీర మాయమ్మ నేసింది. పోనీలే, చీరన్నా పడింది." మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. "నేను రాను తంబీ. పాకాలలో ఆరు రోజులు చేసినాను. చెయ్యొచ్చిందనే అనుకున్నా. సినిమా వచ్చినాక చూస్తే నేనే లేను. డిస్ట్రిబ్యూటరు తీసేయమన్యాడని చెప్పె మాయన్న. 'నేను బాగా చెయ్యలేదా అన్నా?' అని అడిగితే తల దించుకున్యాడు. ఆ దించుకున్న తలే నాకు జవాబు. ఊళ్ళోనేమో సినిమాలో ఆడిన పిల్ల అని పేరు మిగిలింది. సినిమా ల్యాకుండా పేరు మటుకు. కుదిరిన సంబంధం కూడా పాయె. ఇప్పుడు ఆ పిచ్చి నటన పదిమందిలో కూర్చోని నేనే చూడాల్నా?"

మురుగేష్ గోడ వైపు చూశాడు. మేకుకు ఒక దరఖాస్తు వేలాడుతోంది. నేత గుర్తింపు కార్డుకు పెట్టుకున్నది, మూడుసార్లు తిరిగొచ్చింది. అతికించిన ఫోటోలో నడినెత్తి పాపిడి తప్ప ఏమీ కనిపించడం లేదు. ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో పంపమని మూడుసార్లూ రాశారు. ఆ కార్డు లేకపోతే ఆమె ప్రభుత్వం లెక్కలో నేతమనిషే కాదు. ఆసుపత్రికీ పింఛనుకూ అదే ఆధారం. ఆ వీధిలో అందరికీ తెలుసు, చౌడమ్మ కెమెరా ముందు తల ఎత్తదు. పెళ్ళి ఫోటోల్లో కూడా ఆమె వంగి చెప్పులు వెతుక్కుంటూనే ఉంటుంది.

"కోర్టు సీను చేసినావా అక్కా?" అని అడిగాడు అతను.

"ఎందుకు చెయ్యలా? ఆ దినం విలన్ వేషగాడికి జరం. రాలేదు. వేలు ఎవురికి చూపించాలని అడిగితే, కెమెరా పక్కన మాయన్నే నిలబడినాడు. 'నన్నే వాడనుకో చౌడీ, నన్ను చూసి వేలెత్తు' అన్యాడు."

"అయితే అదే వస్తాది ఈ తూరి. వచ్చినాక మళ్ళా రాదు. రీళ్ళు అయిపోతాయి." మురుగేష్ లేచాడు. "జులై రెండో ఆదివారం. నేను చెప్పేది చెప్పినా. మేడమ్‌కి నువ్వెవరో తెలీదు, నీకు మేడమ్ తెలీదు. బాగలేకపోతే బాగలేదనే రాస్తాది. అదొక్కటీ నాది పూచీ."

"ఓహో. అదేమన్నా ఊరట మాటా తంబీ?"

అతను గడప దాటి వెనక్కి చూస్తే రాట్నం తిరగడం లేదు.

*

జులై రెండో ఆదివారం నాటికి చిత్తూరు చుట్టూ రోడ్లన్నీ తోతాపురి మామిడి ట్రాక్టర్లే. గుజ్జు ఫ్యాక్టరీల ముందు మైళ్ళకొద్దీ వరసలు. నగరి బస్సు ఆ వరసల్లో ఇరుక్కుని గంట ఆలస్యంగా వచ్చింది. చౌడేశ్వరమ్మ మెట్లెక్కేసరికి సినిమా నడుస్తోంది. చీకట్లో ఖాళీగా ఉన్నది ముందు వరస స్టూలు ఒక్కటే. వెళ్ళి కూర్చుంది. వెనక తలుపు పక్కన ఉన్న మనిషిని ఆమె చూడలేదు. ఆయన మాత్రం ఆమె నడకను గుర్తుపట్టి నిటారుగా కూర్చున్నాడు.

గంట మోగింది. పచ్చచీర అమ్మాయి గూడ్సుషెడ్డు దగ్గర ఆగింది. మజ్జిగ తొణికింది. ఈసారి సీను తెగలేదు. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

ముఖంలో ఏడుపు లేదు, అరుపు లేదు. చూసింది. చూశాక, చూడనట్టు పోవాలా ఆగాలా అని ఒక క్షణం తూకం వేసుకుంది. ఆ తూకం కళ్ళలో కనిపించింది. తర్వాత కుండ కింద పెట్టి, కొంగుతో నేల మీది మజ్జిగ తుడిచింది. ఎందుకు తుడిచిందో ఎవరూ అడగలేదు. భయపడిన ఆడది అలాగే ఏదో ఒకటి తుడుస్తుంది.

ధనంజయ స్టూలు ముందుకు లాక్కున్నాడు.

కోర్టు వచ్చింది. బోనులో ఆ పిల్ల. వ్యాపారి తరఫు వకీలు కోటు సర్దుకుంటూ అడిగాడు. "మసక వెలుతుర్లో ముఖం కనపడదు కదా. ఎట్లా గుర్తుపట్టినావు?"

"నడకతో సామీ. నేను మగ్గాల నడుమ పెరిగినదాన్ని. ఎవురి కాలు తొక్కేది ఎట్లుంటాదో నా చెవికి తెలుస్తాది. ఆయప్ప కుడికాలు తేలిగ్గా వేస్తాడు. రెండో గంట కొట్టినప్పుడు ఆ కాలే బయటికొచ్చె."

"ఆ మనిషి ఈ కోర్టులో ఉన్నాడా?" అని జడ్జి అడిగాడు.

"ఉండాడు."

"చూపించు."

అమ్మాయి తలెత్తింది. వేలెత్తింది. ఆ వేలు తెరలోంచి నేరుగా, స్టూళ్ళ వరసల నడుమ దారిగుండా, తలుపు పక్కన ఆఖరి స్టూలు వైపు చూపించింది. ముందు వరసలో ఒక్క తల తప్ప అన్నీ ఆ వైపు తిరిగాయి.

ఏకాంబరం లేచి నిలబడ్డాడు.

"నేనే" అన్నాడు. ప్రొజెక్టరు వెలుతురు ఆయన చొక్కా అంచు మీద పడుతోంది. "డిస్ట్రిబ్యూటరు కాదు చౌడీ. నేనే కోసినాను. నా చేత్తో. పుత్తూరు సంబంధమోళ్ళు, పిల్ల ముఖం తెర మీద పడితే పెళ్ళి జరగదన్యారు. నీ మంచికే అనుకుని కోసేసినా. కోసినాక, ముక్కలు యాడో ఉంటాయి కదా అని వాళ్ళు వేరే సంబంధం చూసుకున్యారు. నీతో ఏమని చెప్పేది? నువ్వు బాగా చెయ్యలేదా అంటే... సినిమాలో బాగా చేసింది నువ్వొక్కదానివే. నువ్వు పోయినాక ఇంకేముండాది దాంట్లో."

తెర మీద ఆ వేలు ఇంకా ఆయన్నే చూపిస్తోంది.

చౌడేశ్వరమ్మ వెనక్కి తిరగలేదు. తెర మీది ముఖం మీంచి కళ్ళు తిప్పకుండానే అంది.

"కూర్చోన్నా. జడ్జీ ఇంకా తీర్పు చెప్పల్యా."

ఏకాంబరం కూర్చున్నాడు.

తీర్పు మారింది. కూలీ విడుదలైన సీను కూడా అప్పుడు తీసిందే. అమ్మాయితో పాటు కోతలో పోయింది. ఆఖరి షాట్‌లో కూలీ తన తుండు దులిపి భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం మీద ఎవరిదో పెట్టె ఎత్తుకున్నాడు. మజ్జిగ అమ్మాయి అతన్ని దాటుకుంటూ నడిచింది. ఒకరినొకరు పలకరించుకోలేదు. శుభం.

ప్రొజెక్టరు కిందినుంచి గోధుమరంగు పొట్టు రాలుతోంది. మురుగేష్ మిషను ఆపి, న్యూస్‌పేపరు పరిచి, ఆ పొట్టును చేత్తో ఊడ్చాడు. పేర్లకు అడ్డం పట్టే సబ్బుపెట్టె అట్టనే పొట్టు ఎత్తడానికి చేటలా వాడాడు.

వకుళాదేవి చాలాసేపు రాసింది. తర్వాత ఎప్పటిలాగే పైకి చదివింది. "అరవై ఎనిమిది. పాట అనవసరం. వకీలు మాటలు నాటకంలా ఉన్నాయి. సాక్షి చూసింది చూసినట్టు చెప్పింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క చూపు తక్కువ లేదు. నటనకు ఇరవైకి పంతొమ్మిది, ఆ పిల్ల వల్లే."

"ఆ ఒక్కటి యాడ పాయె మేడమ్?" అని అడిగాడు ధనంజయ.

"ఇరవైకి ఇరవై నేను ఎవరికీ వెయ్యలేదు."

చౌడేశ్వరమ్మ లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. ఒకరి చేతికి ఎర్ర సిరా, ఒకరి చేతికి నూలు దుమ్ము.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నిజంగానే బాగుండాదా? ఇప్పుడు జరిగిందంతా విని, పాపమని ఏసినారా?"

వకుళాదేవి కళ్ళద్దాలు తీసింది. "పాపమని మార్కులు వేసే దాన్నయితే పోయిన నెల ముప్పై నాలుగు దగ్గర ఆపేదాన్నామ్మా? అప్పటికే ఇంకొక్కసారే ఆడుతుందని చెప్పారు నాకు."

చౌడేశ్వరమ్మ ఆ మాటను కాసేపు లోపల తిప్పి చూసుకుంది. కండె గట్టిగా చుట్టుకుందో లేదో నొక్కి చూసే మనిషిలా.

"అయితే ఆ కాయితం నాకిస్తారా?"

వకుళాదేవి ఇంతవరకు ఏ మార్కుల కాయితమూ ఎవరికీ ఇచ్చింది లేదు. నియమం ఒప్పుకోదు. మడిచి ఇచ్చింది.

*

మెట్ల మీద ఏకాంబరం ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ కిందికి దిగి రోడ్డు దాకా వచ్చారు. మామిడి ట్రాక్టరు ఒకటి పోయేదాకా ఆగారు.

"ఆ పుత్తూరోడి పేరు కూడా నాకు గుర్తుల్యా" అంది ఆమె. "ఒక్క మాట అడిగుంటే సరిపోయేది నువ్వు. తెర మీద ముఖం కావాల్నా, మొగుడు కావాల్నా అని."

"ఏది అడిగేదానివి?"

"అప్పుడు అడగల్యా కదా. ఇప్పుడు చెప్పను పో."

ఆయన తల దించుకున్నాడు.

"మళ్ళా దించుకుంటా ఉండావు" అంది ఆమె. "తల దించుకునేది మన వంశంలో ఇంక చాలుగానీ, ఈడ ఫోటో తీసేది యాడ?"

బస్టాండు పక్కన ఒక స్టూడియో ఉంది. ఫోటోగ్రాఫరు మధ్యాహ్నం అన్నానికి లేవబోతూ విసుక్కుంటూ దీపాలు వేశాడు. చౌడేశ్వరమ్మ స్టూలు మీద కూర్చుని కొంగు సర్దుకుంది. ఏకాంబరం ఎక్కడ నిలబడాలో తెలియక కెమెరా పక్కకు వెళ్ళాడు. నలభై ఏళ్ళ కిందట నిలబడిన చోటు అదేనని ఆయనకు తోచిందో లేదో.

"పెద్దాయనా, మీరు బయట కూర్చోండి. దీపానికి అడ్డం వస్తా ఉండారు" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"ఉండనీ నాయనా" అంది చౌడేశ్వరమ్మ, తల పైకెత్తి. "ఆయన ఆడ ఉంటేనే నా చూపు నిలబడతాది."